చివరింటి బిందె

మా ఊళ్లో కుళాయిలకు నీళ్లు వదిలేది మా బావ. ట్యాంకు కింద వీధికొకటి చొప్పున నాలుగు వాల్వులు. గడియారం చూసి కట్టేయడం ఆయనకు అలవాటు లేదు. ఏ వీధికైనా నీళ్లు ఆఖరున చేరేది చివరింటికే కాబట్టి, తన బిందె నిండగానే ఆ ఇల్లాలు దాని మీద గరిటెతో మూడు దెబ్బలు కొట్టాలి. ఆ మోత వినపడితే బావ ఆ వీధి కట్టేసి పక్క వీధి తిప్పుతాడు. నాలుగో వీధిలో చివరిల్లు మా అక్కది, అంటే బావ సొంతిల్లే. పెళ్లాం గరిటె మోగితే తప్ప ఈయన చెయ్యి కదలదని ఊరంతా వేళాకోళం చేసేది. బావ కాదనేవాడు కాదు. ఇరవై రెండేళ్లలో చివరింటి బిందె నిండకుండా ఒక్క పూట కూడా వాల్వు కట్టలేదు. ఆయన చెప్పుకునే గొప్ప అదొక్కటే.

ఊరు పెరగాలని అందరూ కోరుకున్నారు. అందరికన్నా ముందు ప్రెసిడెంటు. ఊరి మొదట్లో బోర్డు పెట్టించి, జనాభా అంకె మారినప్పుడల్లా పెయింటరును పిలిపించేవాడు. పక్కన ఫ్యాక్టరీ వచ్చాక ఆ పెయింటరు ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. రోజూ వచ్చిపోవడం కంటే అదే నయమట. అంకెలో అతనూ చేరాడు.

నాలుగో వీధి సాగడం మొదలుపెట్టింది. అక్క వాళ్ల ఇల్లు కదలకుండానే చివర నుంచి మధ్యకు వచ్చింది. గరిటె కొట్టే పని ఏడాదిలో తొమ్మిది ఇళ్లు మారింది. ఆఖరున ఒక కుట్టుమిషనమ్మ ఇద్దరు పిల్లలతో అద్దెకు దిగింది. అక్క వెళ్లి అప్పగింతలు పెట్టింది, నిండకముందు కొట్టొద్దని, నిండాక మరిచిపోవద్దని. ఆవిడ పరాచికమనుకుని నవ్విందట. మర్నాడు బిందె నిండాక కొట్టి చూసింది. కుళాయి ఆగిపోయింది. ఇక నవ్వలేదు.

జనం పెరిగారు గాని ట్యాంకు పెరగలేదు. నాలుగో వీధి చివరకు నీళ్లు చేరడానికి గంట పట్టేది. నాలుగో వీధి కట్టాక గాని రాని తమ వంతు కోసం కాచుకుని విసిగిపోయిన మూడో వీధి వాళ్లు తెలివి మీరారు. ఒకావిడ బిందె చంకనెత్తుకుని నాలుగో వీధిలోకి వచ్చి, మూడు దెబ్బలు కొట్టి వెళ్లిపోయింది. బావ కట్టేశాడు. కాసేపటికి కుట్టుమిషనమ్మ ఖాళీ బిందెతో ట్యాంకు దగ్గరికొచ్చి నిలబడింది.

"నేను కొట్టలేదన్నా," అంది.

బావ ఆ రోజు అన్నం సగంలో లేచాడు. మర్నాటి నుంచి ఏ మోతనూ నమ్మలేదు. సైకిలెక్కి చివరింటికి పోయి, బిందెలోకి తొంగి చూసి, తిరిగొచ్చి కట్టేవాడు. ఆయన వెళ్లి వచ్చేలోగా ముందరి ఇళ్ల నీళ్లు మురిక్కాలవలో పారేవి. మూడో వీధి కుళాయిల్లో గాలి వచ్చేది.

ప్రెసిడెంటు పిలిపించి, రంగు కాగితం చుట్టిన గోడ గడియారం ఒకటి చేతిలో పెట్టాడు. ఇకమీదట వీధికి అరగంటేనన్నాడు.

"అరగంటకి చివరింటికి చేరవండీ."

"చివరిల్లంటూ ఎప్పుడూ ఒకటి ఉంటుందయ్యా. దానికోసం ఊరంతా ఆగుతుందా?"

"ఇన్నాళ్లూ ఆగిందండీ."

గడియారమన్నా పట్టుకో, వాల్వు తాళమన్నా ఇచ్చెయ్ అన్నాడు ప్రెసిడెంటు. రేపటి దాకా గడువు.

అక్క సర్దుకుపొమ్మంటుందని నేననుకున్నాను. వాళ్లింటికి ఇప్పుడు ఇరవై నిమిషాలకే నీళ్లు వస్తున్నాయి మరి. అక్క బట్టలు మడతపెడుతూ తలెత్తకుండా బావతో అంది:

"నా బిందె నిండేదాకా ఊరు ఆగిందయ్యా. ఇప్పుడు నాకు ముందే వస్తున్నాయని ఆ పిల్లకి కట్టేస్తావా?"

మర్నాడు ప్రెసిడెంటు ఎదురుగా నిలబడి చూస్తుండగానే అరగంట దాటింది, ముప్పావుగంట దాటింది. కుట్టుమిషనమ్మ బిందె నిండిందని కబురు వచ్చాకే బావ కట్టాడు. తాళం తీసుకెళ్లి గడియారంతో పాటు ఆయన బల్ల మీద పెట్టి వచ్చాడు.

ఆ ఒక్క తాళానికి నలుగురిని వేశారు. ఖాకీ చొక్కాలు, ఈలలు. ఊరు పెరిగితే ఉద్యోగాలు పెరుగుతాయని తాను ముందే చెప్పానన్నాడు ప్రెసిడెంటు. నిమిషం తేడా లేకుండా నీళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. నాలుగో వీధిలో చివరి ఆరిళ్లకు ఈల మాత్రం బాగా వినపడుతుంది.

పొద్దున్నే అక్క తన బిందెలు పట్టుకుని, మరొకటి నింపి బావ భుజానికెత్తుతుంది. ఆయన దాన్ని కుట్టుమిషనమ్మకు ఇచ్చొస్తాడు. దారిలో కొత్తవాళ్లు, నువ్వెవరు, ఎవరింటికి అని ఆరా తీస్తారు. మొన్న నేనూ వెంట వెళ్లాను. కుట్టుమిషనమ్మ ఇంటి అవతల ఒకాయన సున్నంతో పునాది గీతలు గీస్తున్నాడు. బావ భుజం మీద బిందె చూసి పని ఆపాడు.

"పెద్దాయనా, ఇక్కడిదాకా నీళ్లు వస్తాయా?"

బావ బిందె గడప పక్కన దించి, భుజం తుడుచుకున్నాడు.

"వస్తాయి. కాకపోతే నడిచి వస్తాయి."

ఆయనకు మొదటి మాటే వినపడినట్టుంది. తృప్తిగా తలూపి, ఇంకో గది గీసుకున్నాడు.