పిండిగీత మీద పోయిన కావలోళ్లు

ఈ సంగతి మొదట చెప్పింది కొత్తపేటల ఇంటి ఓనరు కౌసల్యమ్మ. చెప్పింది సగమే. మిగిలిన సగం ఆమె కింది వాటాల కిరాయికున్న యాదలక్ష్మిది.

రోజూ పదింటికి యాదలక్ష్మి తన అత్త అండాలమ్మను ఇంటి దగ్గర మెట్రో ఎక్కించి, ఎల్బీనగర్ దవాఖానకు తీస్కపోయేది. అత్త గొంతుల గడ్డకు ముప్పై రోజులు కరెంట్ పెట్టాలె. రేడియేషన్‌ను ఆ ఇంట్ల కరెంటనే అంటరు. షాకు కొడ్తదేమోనని మామ అంతయ్య మొదట్ల ఆమెకు చెక్కపీట వేసి, తను ఎడంగ కూసునేటోడు.

పదిహేనో రోజుకు మెడ కమిలి ఎర్రబడ్డది. అందులకెళ్లి సగ్గుబియ్యం గింజలంత తెల్లటి కావలోళ్లు బయటికొచ్చి తిరగబట్టిన్రు. మెట్రోల పక్కామె కొంగు జరుపుకున్నది, అంతే.

"మీ ఒంట్లో తెల్ల కణాలేనండి," అన్నది డాక్టర్ అమల. "కాలిన చోటికి కాపలాకి పరిగెత్తుకొస్తాయి. దొంగ దొరక్కపోతే ఇంట్లోవాళ్లనే బాదుతాయి. ఈ మందు రాయండి, నెమ్మదిస్తాయి. చర్మం చిట్లితే మాత్రం కరెంట్ ఆపాలి. ఆపితే గడ్డ మళ్లీ లేస్తుంది."

ఇరవై రెండో రోజు మెడ చిట్లబట్టింది.

కాలి పుండుతో కుంటుకుంటూ కౌసల్యమ్మ కిందికొచ్చింది, చేతిల బియ్యప్పిండి డబ్బా. "చీమలకి పెట్టినట్టు పెడితే అవే పోతాయే."

"జర ఆగమ్మ, డాక్టరమ్మను అడుగుదాం," అని యాదలక్ష్మి అడ్డమొచ్చింది.

"నీకంటే ముందు పుట్టాను. తప్పుకో!"

మంచం కోడు నుంచి గడప దాటించి, మెట్ల మీదుగ తన వాకిలి దాకా గీత పోసింది. కావలోళ్లు బారు కట్టి పైకి పోయిన్రు. సాయంత్రానికి మెడ చల్లబడ్డది. మిగిలిన ఎనిమిది రోజుల కరెంటూ ఒడిసింది.

ఆఖరు రోజు నెత్తురు పరీక్ష కాగితం చూసి డాక్టరు కళ్లజోడు తీసింది. "లోపల ఒక్కరూ లేరండి. చిన్న జలుబొచ్చినా ఆపేవాళ్లు లేరు."

యాదలక్ష్మి ఉరికి మెట్లెక్కింది. కౌసల్యమ్మ పదేండ్ల పుండు మచ్చ లేకుంట మానింది.

"మావోళ్లను తోలియ్యమ్మ, నీ కాళ్లు మొక్కుత."

"నేనేమన్నా కట్టేశానా? తిండి ఉన్నచోట ఉంటారు."

కింద అండాలమ్మ తుమ్మింది. ఒక్కసారే. కౌసల్యమ్మ గడప మీద తెల్లటి బారు ఆగింది, విన్నట్టే. మళ్ల పిండి దిక్కు తిరిగింది.

పిండి పోసింది కోడలేనని కౌసల్యమ్మ ఇప్పుడు గల్లీ గల్లీల చెప్తున్నది. డబ్బా ఆమెది, చెయ్యి ఆమెది. ఆమెను ఎరిగినోళ్లు ఎవరన్న ఉంటే, నలుగురి ముందట ఈ మాట సరిచెయ్యున్రి.