వెనక సీటు తలనొప్పి

గంగమణి ఆస్పత్రి మెట్ల పక్కన వాంతి చేసుకుంది. కొంగుతో మూతి తుడుచుకొని, సోమవారం నుంచి రానని చెప్పింది.

"బంజేస్తున్న ముత్తన్నా. గీ డయాలసిస్ నాతోని గాదు. తలకాయ పలిగిపోతుంది. సస్తె సస్తగని, గీ నొప్పి వద్దు."

ఆమె కిడ్నీలు రెండూ పోయి ఏడాదిన్నర. మానేస్తే ఎన్నాళ్లు బతుకుతుందో నాకు తెలుసు. నా భార్య హన్మవ్వ కూడా ఇదే మాట అని డయాలసిస్ మానేసింది. పన్నెండో రోజున పోయింది. రెండేళ్లయింది. నొప్పికి ఓర్చుకోలేక నన్ను వదిలి పోయిందని నాకు ఇప్పటికీ కోపమే. చచ్చినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఎందుకు పెట్టుకోకూడదో ఎవరూ చెప్పలేదు.

ఆమె పోయినా కారు అమ్మలేదు. వారానికి మూడు రోజులు మా వర్ని నుంచి గంగమణినీ, డయాలసిస్‌కే వచ్చే లింబయ్యనూ నిజామాబాదులో కంఠేశ్వర్ దగ్గరి ఆస్పత్రికి తెస్తాను. లింబయ్య నా పక్కన కూర్చుంటాడు. గంగమణి వెనక సీట్లో పడుకుంటుంది.

లింబయ్య తంబాకు ఉమ్మేసి నవ్వాడు. "నాకేం నొస్తలేదు గదా. నకరాలు జేస్తున్నవ్ నువ్వు."

"నీకు తలకాయ ఉంటె గద నొచ్చేది," అంది గంగమణి.

ఇద్దరూ లోపలికి పోయారు. నేను మెట్ల దగ్గరే నిలబడ్డాను. ఇద్దరిదీ ఒకే రోగం, ఒకే దారి. డయాలసిస్ అయ్యాక తల నొస్తుందని నర్సులు చెప్తారు. ఈమెకు సూది గుచ్చకముందే నొస్తోంది. ఇంటి దగ్గర బాగానే ఎక్కింది. లింబయ్య ఉమ్మడానికి తన పక్క అద్దం ఎప్పుడూ సగం దించే ఉంచుతాడు. వెనక అద్దాలు నేనే మూస్తాను. చలి ఒకటి. పైగా ఈ నెలంతా పొలాల్లో పసుపు ఉడకబెడతారు, దారి పొడుగునా పొగే.

వాళ్లు బయటికి రావడానికి నాలుగు గంటలు పడుతుంది. బండిని బోధన్ రోడ్డులో మెకానిక్ ఆత్మారాం షెడ్డుకు తీసుకుపోయాను.

ఆత్మారాం కింద దూరి చూసి వచ్చాడు. "సైలెన్సర్ మంచిగనే ఉంది కాక. బయటి పొగ లోపటికి వస్తుండొచ్చు. అద్దాలు గట్టిగ మూసుకో."

"మూసే ఉంటయి."

"లోపట వాసనొస్తదా?"

"రాదు."

"వాసనే లేదంటివి. పొగెట్లయితది మల్ల?"

"నువ్వు నడుపు. నేను ఎన్క సీట్ల పండుకుంట."

"పాగల్ అయినవా కాక?"

"నీ దిక్కు అద్దం దించుకో. నడుమ నడుమ నన్ను పిలువు. పలకకుంటె ఆపు."

గంగమణి పడుకున్నట్టే, పాదాలు కింద మ్యాటు మీద పెట్టి పడుకున్నాను. వెనక అద్దాలన్నీ మూసి ఉన్నాయి. బోధన్ దిక్కుకు బండి కదిలింది. వాసన ఏమీ లేదు. పాదాలకు మాత్రం వెచ్చగా తగులుతోంది.

"కాకా!"

"ఊ."

జానకంపేట దాటేసరికి కణతలు కొట్టుకోవడం మొదలైంది. నిద్ర పట్టలేదేమో అనుకున్నాను. తర్వాత నొప్పి కళ్ల వెనకకు పాకింది. కడుపులో తిప్పింది. లేచి కూర్చుందామంటే చేతుల్లో బలం లేదు.

"కాకా!"

విన్నాను. పలకాలనుకున్నాను. నోరు తెరుచుకోలేదు.

"ఓ కాకా! పలుకు!"

బండి ఆగింది. ఆత్మారాం నా రెండు చంకల కింద చేతులు పెట్టి రోడ్డు పక్కకు లాగాడు. అక్కడే కక్కుకున్నాను. అతను నా చెంప మీద కొడుతూనే ఉన్నాడు.

"ఇంజన్ గ్యాసే కాక గిది! వాసన రాకున్న మన్షిని పండవెట్టి సంపుతది. నీతోని నాకు జైలయ్యేటట్టున్నది!"

"కాళ్లకాడ సూడు," అన్నాను. "వెచ్చగ తగిలింది."

అతను మ్యాటు ఎత్తాడు. నేల రేకుకు నాలుగు రంధ్రాలు. వాటిలోంచి రోడ్డు కనిపించింది.

"గివేంది?"

అవి సీటు బోల్టుల రంధ్రాలు. హన్మవ్వ కాళ్లు చాపుకొని పడుకోవాలని వెనక సీటును మూరెడు వెనక్కి జరిపించాను. పాత రంధ్రాలు మూస్తానని వెల్డింగతను అన్నాడు. అక్కర్లేదన్నాను. పైన మ్యాటు పరిచాను.

ఆత్మారాం పొగ బయటికి పోకుండా తడి గోనెసంచి పొగ గొట్టంలో కుక్కి, ఇంజన్ స్టార్ట్ చేసి, మళ్లీ కిందికి దూరాడు. బుస్సుమని చప్పుడు వచ్చింది. సరిగ్గా రంధ్రాల కింద, గొట్టం అతుకు దగ్గర, పై వైపు పగులు. కింది నుంచి చూస్తే కనబడదు. అతను గుడ్డ పెట్టి తుడిస్తే నల్లగా మసి అంటింది.

"ఎన్ని రోజుల పగులిది?"

"ఎట్ల సెప్పాలె కాక."

"సెప్పు."

స్క్రూడ్రైవర్‌తో గీకాడు. తుప్పు పొరలు పొరలుగా రాలింది. "మస్తు రోజులది. మూడు వానకాలాలు సూసినట్టుంది." నా మొహం మాత్రం చూడలేదు.

హన్మవ్వ ఇదే సీట్లో తల పట్టుకొని, జర అద్దం దించరాదా అని అడిగేది. చలికి దగ్గు పట్టుకుంటుందని నేను దించలేదు.

అన్ని అద్దాలూ దించి షెడ్డుకు వచ్చాం. అతుకు కోసి కొత్త ముక్క వేశాడు. రంధ్రాల మీద రేకు వెల్డింగ్ చేశాడు. మళ్లీ గోనె కుక్కి చూస్తే చప్పుడు లేదు.

ఆస్పత్రికి పోయేసరికి ఇద్దరూ బయట బల్ల మీద ఉన్నారు. గంగమణి చేతికి దూది పట్టీ.

"నీ నొప్పి డయాలసిస్‌ది గాదు," అన్నాను. "నా బండిది. కింద గొట్టం పలిగింది. గ్యాసు నీ సీటు కాడికే వస్తుండె. బాగు చేయించిన."

"సూసినవా!" అన్నాడు లింబయ్య. "తంబాకే నన్ను కాపాడింది."

గంగమణి నవ్వలేదు. "నన్ను రప్పియ్యనీకి అబద్ధమాడుతున్నవ్."

"ఆడుతలేను."

"హన్మవ్వకు గూడ గిట్లనే తలకాయ నొచ్చేదంటివి గదా ఒకపారి. గా నొప్పికే మానేసిందంటివి."

లేదని చెబితే అయిపోయేది. కానీ లేదంటే ఆమె బండి మాట నమ్మదు. నమ్మకపోతే సోమవారం రాదు.

"అవ్," అన్నాను. "గదే సీటు. గదే గ్యాసు. అద్దం దించుమన్నది, దించలే."

లింబయ్య నమలడం ఆపాడు. గంగమణి తిడుతుందనుకున్నాను. బల్ల పట్టుకొని లేచింది.

"లింబన్నా, లే. బస్టాండుకు పోదాం."

"బండి బాగయింది," అన్నాను.

"కావొచ్చు. డయాలసిస్‌కు వస్త. నీ బండి మాత్రం ఎక్కనే ఎక్క."

ఇద్దరూ గేటు దాటి ఆటో ఎక్కారు. నేను పిలవలేదు.

సోమవారం పొద్దున గంగమణి లింబయ్యతో వర్నిలో మొదటి బస్సు ఎక్కింది. నేను ఖాళీ బండితో ఆ బస్సు వెనకే నిజామాబాదు దాకా పోయాను. ఆస్పత్రి ముందు ఆటో దిగి, వెనక్కి చూడకుండా మెట్లెక్కింది. తల పట్టుకోలేదు.