కిందికి రాని కొంగ

ఆ ఇంట్లో కంప్యూటర్లు రెండు. కింది గదిలో ఉన్నదాని పేరు 'కింద', మేడ మీద ఉన్నదాని పేరు 'పైన'. తోడికోడళ్ళిద్దరూ బుర్రలు బద్దలు కొట్టుకోకుండా పెట్టుకున్న పేర్లవి. చిన్నకోడలు పైన కూర్చుని ల్యాప్‌టాప్‌లో బొమ్మలు గీస్తుంది. గీసినదాన్ని 'పంచుకునేవి' అనే ఫోల్డర్లో పడేస్తే అది కింద కంప్యూటర్లో ప్రత్యక్షమవుతుంది. పెద్దకోడలు దాన్ని ఎంబ్రాయిడరీ మిషన్‌కి అందిస్తుంది, మిషన్ టకటకా కుట్టేస్తుంది. ఏడాదిగా వాళ్ళ వ్యాపారం ఇలాగే సాఫీగా సాగిపోతోంది.

సోమవారం పొద్దున పెద్దకోడలు ఫోల్డర్ నొక్కితే తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కింది. 'పైన' దొరకడం లేదని చెప్పి తెర చేతులు దులుపుకుంది. ఇంట్లో ఉన్న కంప్యూటర్లు చూపించే చోట ఎప్పుడూ రెండూ పక్కపక్కనే ఉండేవి. ఇప్పుడు 'కింద' ఒక్కటే బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

మామూలు రోజయితే ఆవిడ మెట్ల కింద నిలబడి ఒక్క కేక పెట్టేదే. కానీ ముందురోజు ఒక సంగతి జరిగింది. ఊళ్ళో బ్యాండు మేళం నడిపే మాస్టారు కొత్త కోట్ల జేబుల మీద తమ గుర్తు కుట్టించుకోవడానికి వచ్చాడు. ఆ గుర్తు కొంగ. చిన్నకోడలు గీసిన నమూనా చూపించగానే పెద్దకోడలి నోరు ఊరుకోలేదు.

"ఇదేమిటి చెల్లీ, ఇది కొంగా, బాతా?"

మాస్టారు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. అత్తగారు నవ్వింది. చిన్నకోడలూ నవ్వి, "సరిచేస్తానక్కా" అని లేచింది. మెట్లెక్కుతున్నప్పుడు ఆ పిల్ల వీపు మాత్రం నవ్వలేదు. పెద్దకోడలు అది చూసింది, చూసి కూడా వెనక్కి పిలవలేదు.

ఆదివారం నవ్వారు, సోమవారం ఫోల్డర్ మూతపడింది. ఈ రెంటికీ ముడిపెట్టడానికి పెద్దచదువులేం అక్కర్లేదు కదా. ఆ పిల్లకు కోపం వచ్చింది, తలుపు వేసేసింది. పెద్దకోడలికి అలాగే అనిపించింది.

అయినా తన తప్పేమైనా ఉందేమోనని చూసుకుంది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టింది. ఇంటి నెట్‌వర్కును పొరపాటున 'పబ్లిక్' నెట్‌వర్కుగా మార్చానేమోనని వెతికింది. అలాంటిదేం లేదు. అడుగుదామంటే మరిది తెల్లారగానే ఊరెళ్ళిపోయాడు. సాయంత్రం బస్సు డిపో నుంచి మొగుడు వచ్చాక ఆయన్నీ కూర్చోబెట్టింది. ఆయన మెకానిక్. యంత్రం ఏదైనా ఆయనకు తెలిసిన వైద్యం ఒకటే: ఆపు, ఆగు, వెయ్యి. గోడకున్న వైఫై పెట్టె ఆపాడు, ఆగాడు, వేశాడు. ఫ్యాను కూడా ఆపి వేశాడు, ఎందుకో ఆయనకే తెలియాలి. ఫోల్డర్ మాత్రం రాలేదు.

"రెండూ ఒకే వైఫైలో ఉన్నాయా లేదా, అది చూడాలట" అన్నాడు ఫోనులో ఏదో చదివి.

"మీరే వెళ్ళి అడగండి."

ఆయన మేడెక్కి, ఫోల్డర్ ఊసెత్తకుండా వైఫై సంగతి ఒక్కటే అడిగి దిగొచ్చాడు. "అడిగాను. 'మాయిల్లు'లోనే ఉందంటోంది. నేనూ కళ్ళారా చూశాను. మనదీ 'మాయిల్లు'. ఇక తేడా ఎక్కడుంది?"

ఆ పేరు అత్తగారు పెట్టింది. ఆవిడకి వరండాలో కూర్చుని ఫోనులో చుట్టుపక్కల వైఫై పేర్లు చదవడం ఒక కాలక్షేపం. ఎవరు అద్దెకు దిగారో, ఎవరు ఖాళీ చేశారో ఆ పేర్లను బట్టే చెప్పేస్తుంది. మొన్నటికి మొన్న, "ఎదురింటి అన్నదమ్ములు విడిపోయినట్టున్నారే, రెండు పేర్లు కనిపిస్తున్నాయి" అని బుగ్గలు నొక్కుకుంది.

తేడా వైఫైలో లేకపోతే మనిషిలోనే ఉండాలి. పెద్దకోడలి అనుమానం అక్కడితో గట్టిపడింది.

మంగళవారం వంటింట్లో చిన్నకోడలు అటు తిరిగి గిన్నెలు సర్దుతూ, "బొమ్మ పెట్టానక్కా, చూడు" అంది.

తలుపుకి తాళం వేసి లోపలికి రమ్మన్నట్టుంది పెద్దకోడలికి. ఒళ్ళు మండింది. "చూస్తాలే" అంది, అరిచేతిలో పెట్టుకున్న మంచుముక్కంత చల్లగా. అంతే, ఆ తర్వాత ఇద్దరి మధ్యా మర్యాదలు పెరిగిపోయాయి. "కాస్త ఆ గరిటె ఇస్తావా?" "తీసుకో అక్కా, పరవాలేదు." కలిసి పనిచేసేవాళ్ళ మధ్య అంత మర్యాద మంచిది కాదు. బుధవారం చిన్నకోడలు మళ్ళీ, "ఇంకోటి పెట్టాను" అంది. ఈసారి జవాబుగా ఒక తల ఊపు మాత్రమే దక్కింది.

కోట్లు శనివారానికి ఇవ్వాలి. జేబులు కత్తిరించి దొంతరగా పెట్టి ఉన్నాయి. మిషన్ మూతేసుకుని ఉంది.

"ఆ బుల్లి పుల్ల ఉంటుందే, పెన్‌డ్రైవో ఏదో, దాంట్లో వేసి ఇమ్మనరాదా?" అంది అత్తగారు.

"అడగడానికి నోరు రావాలిగా అత్తయ్యా! ఇన్నాళ్ళూ అడక్కుండా వచ్చింది ఇప్పుడు అడుక్కోవాలా?"

అలా అందేగానీ, ఆవిడ బాధ కొంగ గురించి కాదు. ఈ చిన్నకోడలు ఇంట్లో అడుగుపెట్టక ముందు పెద్దకోడలు ఎవరో గీసినవి కొనుక్కుని కుట్టేది. అవే పువ్వులు, అవే తీగలు. పొద్దస్తమానం మిషన్‌తో తప్ప మాట్లాడ్డానికి మనిషి లేదు. ఈ పిల్ల వచ్చాక పైనుంచి ఏనుగులు దిగాయి, గాలిపటాలు దిగాయి, ఒకసారి జారుడుబల్ల మీద నుంచి జారుతున్న తాబేలు దిగింది. పొద్దున్నే ఫోల్డర్ తెరవడమంటే ఆవిడకు పండగే. ఇప్పుడా పిల్ల నిజంగానే తలుపు వేసుకుందంటే, ఈ ఆర్డరు అయ్యాక 'ఎవరి పని వాళ్ళం చూసుకుందాం' అని చెప్పక తప్పదు. ఆ మాట మనసులో అనుకుంటేనే ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా జేబుగుడ్డతోనే కళ్ళు తుడుచుకుంది.

గురువారం మధ్యాహ్నం మెట్ల మీద ధనధనా అడుగులు వినిపించాయి. చిన్నకోడలు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగింది. ముక్కు ఎర్రగా ఉంది.

"నా బొమ్మలు నచ్చకపోతే నచ్చలేదని మొహం మీదే చెప్పు అక్కా. నాలుగు రోజుల నుంచీ గీసి పెడుతున్నాను, ఒక్కటంటే ఒక్కటి తెరిచి చూశావా?"

పెద్దకోడలు అగ్గి మీద గుగ్గిలమైంది. "బాగుంది! తలుపు నువ్వు వేసేసి, తెరవలేదని నన్నంటావా?"

"నేను వేశానా?"

"మరి పక్కింటివాళ్ళు వచ్చి వేశారా?"

"చూసుకో, నువ్వే చూసుకో!" చిన్నకోడలు ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి మూత ఎత్తింది. పెద్దకోడలు విసురుగా తన తెర మీద నొక్కింది. 'కింద' పక్కన 'పైన' వచ్చి కూర్చుంది. ఫోల్డర్ హాయిగా తెరుచుకుంది.

ఇద్దరూ నోరెళ్ళబెట్టారు.

"ఇప్పుడు తీశావు కదూ?"

"నా చేతులు రెండూ నీ ఎదురుగానే ఉన్నాయి కదక్కా!"

ఉన్నాయి, నిజమే. నడుము మీద ఉన్నాయి. పెద్దకోడలి గొంతు కాస్త దిగింది. "పైకి తీసుకెళ్ళి తెరువు చూద్దాం."

చిన్నకోడలు మూతేసి పైకి పరిగెత్తింది. "తెరిచానక్కా!"

"పోయింది!"

మళ్ళీ కిందికి వచ్చింది. ఉంది. మెట్ల మొదట్లో కూర్చుని తెరిచింది. ఉంది. సగం మెట్లెక్కి మలుపులో కూలబడి తెరిచింది. "ఉందా?" "ఉంది!" ఇంకాస్త పైకెక్కింది. "ఇప్పుడు?" "ఇప్పుడూ ఉంది... ఆ, ఆ, పోయింది!" అప్పటికి ఇద్దరికీ కోపం సంగతే గుర్తులేదు. మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరుతున్న మెకానిక్ గుమ్మంలోనే ఆగిపోయి, పై మెట్ల దగ్గర గోడలో ఏదో లోపం ఉందని, తవ్వి చూడాలని తేల్చేశాడు. ఆయన సుత్తి కోసం చూడటం మొదలుపెట్టగానే అత్తగారు కుర్చీలో ఇబ్బందిగా కదిలింది.

"గోడలెందుకురా తవ్వడం? పాత గోడలు" అంది.

పెద్దకోడలు మాత్రం ల్యాప్‌టాప్ కేసే చూస్తోంది. "చెల్లీ, పైన నీకు వైఫై ఒక్క గీతేగా వచ్చేది? ఎప్పుడూ విసుక్కునేదానివి."

"అవునక్కా. సోమవారం నుంచీ నిండుగా వస్తోంది. బాగుపడిందనుకున్నాను."

"దానంతటదే ఎలా బాగుపడుతుంది?"

ముగ్గురూ ఒక్కసారే అత్తగారి వైపు తిరిగారు. ఆవిడ కిటికీ తెర మీది పువ్వుల్ని జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది.

"అత్తయ్యా?"

"నేనేం చేశానే? చిన్నవాడు ఆఫీసువాళ్ళతో ల్యాప్‌టాప్‌లో మాట్లాడుతుంటే మాటలు మధ్యలో ఆగిపోతున్నాయని వేరే కనెక్షన్ పెట్టిస్తానన్నాడు. ఆదివారం సాయంత్రం మీరంతా బజారుకెళ్ళినప్పుడు మనిషిని పిలిపించాడు. మేడ మీద గదిలో బీరువా పైన, సూట్‌కేసుల వెనకాల పెట్టించాం. ఎవరికీ చెప్పొద్దని వాడితో నేనే అన్నాను. సోమవారం తెల్లారగానే వాడు ఆఫీసు పని మీద ఊరెళ్ళిపోయాడు."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు మెకానిక్.

"నీ కనెక్షన్ చాల్లేదంటే నొచ్చుకుంటావని."

"అది నత్తనడక నడుస్తోందని నేనే రోజూ తిట్టుకుంటున్నాను!"

"కనెక్షన్ రెండోదైతే పేరు 'మాయిల్లు' అనే ఎలా కనిపించింది?" అంది చిన్నకోడలు.

అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నేనే పెట్టించాను. పేరూ అదే, పాస్‌వర్డూ అదే. రెండు పేర్లుంటే ఎదురింటావిడ ఫోనులో చూసి, వీళ్ళూ విడిపోయారని ఊరంతా చాటదూ?"

అసలు సంగతి అదీ. ఇంట్లో వైఫై పెట్టెలు రెండు, రెంటికీ ఒకే పేరు. 'కింద' ఒక పెట్టెను పట్టుకుంది, 'పైన' రెండోదాన్ని పట్టుకుంది. తీరా చూస్తే ఆ పెట్టెలకు ఒకదాని మొహం ఒకటి తెలియదు. ఇక వాటిని పట్టుకున్న కంప్యూటర్లకు మాటలెక్కడ కుదురుతాయి? ఇల్లు విడిపోయిందని ఊరు అనుకోకూడదని పెద్దావిడ పడ్డ పాట్లకు ఇంట్లోవాళ్ళే విడిపోబోయారు. చిన్నకోడలికి ముందు నవ్వొచ్చింది, అది పెద్దకోడలికి అంటుకుంది, చివరికి అత్తగారికీ పాకింది.

మరిదికి ఫోను కలిపారు. "సారీ వదినా, నాకసలు ఈ ఫోల్డర్ సంగతే తట్టలేదు. రెండు పెట్టెల్నీ తీగతో కలపండి. కింది పెట్టెకి పెత్తనం తీసేసి పైదానికి అప్పగిస్తే చాలు, ఎలాగో చెప్తాను" అన్నాడు. మెకానిక్ డ్యూటీకి ఆలస్యమవుతుందని ఫోను చేసి చెప్పి, మెట్ల పక్కనుంచి తీగ లాగాడు. ఈసారి ఆపి, ఆగి, వేస్తే నిజంగానే పనిచేసింది. ల్యాప్‌టాప్ పైనే ఉంది, 'కింద' పక్కన 'పైన' మళ్ళీ కనిపించింది.

పెద్దకోడలు ఫోల్డర్లోవి ఒక్కొక్కటే తెరిచింది. సోమవారం కొంగకి ముక్కు పొడుగైంది. మంగళవారం కొంగ మెడ తిప్పింది. బుధవారం కొంగ ఒంటికాలి మీద నిలబడి బాకా ఊదుతోంది, రెక్కల్లో ఈకలు విడివిడిగా లెక్కపెట్టేలా ఉన్నాయి. రోజూ ఆ పిల్ల గీస్తూనే ఉంది, ఒక్క మాట కోసం ఎదురుచూస్తూనే ఉంది. తనేమో మూసిన తలుపు ముందు మూతి ముడుచుకుని కూర్చుంది. గబగబా మేడెక్కింది.

"చెల్లీ, ఆ రోజు నలుగుర్లో అలా అనకుండా ఉండాల్సింది. తప్పయింది."

"పోనీలే అక్కా" అంది చిన్నకోడలు, కళ్ళు ఒత్తుకుంటూ. "నిజం చెప్పొద్దూ, అది కాస్త బాతులాగే ఉంది."

రెండ్రోజులూ మిషన్ ఊపిరి పీల్చుకోలేదు. శనివారం బ్యాండు మాస్టారు వచ్చి కోటు తొడుక్కుని అద్దంలో జేబు చూసుకున్నాడు. బాకా ఊదుతున్న కొంగను వేలితో తడిమాడు. "అబ్బ, ప్రాణం పోశారు! ఆ బాతు పోయి ఇంత అందమైన కొంగ ఎలా వచ్చిందమ్మా?" అన్నాడు.

చిన్నకోడలు మెట్ల మలుపులోనే ఆగిపోయింది. పెద్దకోడలు అటు చూసి, అందరికీ వినబడేలా చెప్పింది.

"గీసింది మా చెల్లెలండీ. అది మొదటి నుంచీ కొంగే. బాతన్నదాన్ని నేను. నాకు పక్షుల సంగతి తెలియదు, ఊరికే నోరు పారేసుకున్నాను."

మాస్టారు ఈసారి నవ్వలేదు. మెట్ల వైపు తిరిగి చిన్నకోడలికి చేతులు జోడించాడు. ఆ పిల్ల ఏం చెయ్యాలో తోచక ఒక్క పరుగున మేడెక్కేసింది. కాసేపటికి 'పంచుకునేవి'లో కొత్త బొమ్మ దిగింది. అచ్చమైన బాతు. కింద 'అక్క కోసం' అని రాసి ఉంది. పెద్దకోడలు ఫకాలున నవ్వి, మంచి గుడ్డ ఏరి, మిషన్ కింద పెట్టింది.