మా ఇంటి పెద్దకొడుకు

మా ఇంట్లో పిల్లలు ఇద్దరే. ముగ్గురని వీధంతా చాటింపు వేసింది మా అమ్మాయి. ఆ మూడోవాడి కోసం, అంటే దాని లెక్కలో మొదటివాడి కోసం, నేను ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్ చేత చీవాట్లు తిన్నాను. అదీ నా దుకాణంలో, నేను స్వయంగా బాగుచేసిన కుర్చీలో కూర్చుని మరీ పెట్టారు ఆవిడ. తప్పంతా నాదే అన్నట్టు ఇప్పటికీ మా ఆవిడ నవ్వుతుంది కనక, జరిగింది జరిగినట్టు చెబితేగాని నాకు మనశ్శాంతి లేదు.

నాది సోఫాలు, కుర్చీలు బాగుచేసే దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. పాత గుడ్డ ఊడదీసి, కుంగిన స్ప్రింగులు బిగించి, కొత్త ఫోము పరిచి, పైన తొడుగు లాగి మేకులు కొట్టడం నా పని. ఆ తొడుగులు మేడమీద మిషన్ మీద కుట్టేది మా ఆవిడ. ఆమె కుట్టు తిన్నగా ఉంటుంది, మాట కూడా అంతే. పెళ్ళైన కొత్తలో ఎవరో వదిలేసి పోయిన పాత సోఫా విప్పుతుంటే, పీచు మధ్యలో గుప్పెడంత పిల్లిపిల్ల కనబడింది. సోఫా బాగుపడలేదు గాని పిల్లి బాగుపడింది. పిలిస్తే పలకడు, పెట్టింది తిని మొహం తిప్పుకుంటాడు, మేం వాడి ఇంట్లో ఉంటున్నట్టు చూస్తాడు. అందుకని దొరగారు అని పేరు పెట్టాం.

దొరగారిలో ఒక గొప్ప గుణం ఉంది. నా దుకాణంలో ఇంతవరకు ఒక్క సోఫా మీద గోరు పెట్టలేదు. చీకటిపడ్డాక గోడలు దూకి వెళ్ళి చుట్టుపక్కల ఇళ్ళల్లో సోఫాలు గీరి వస్తాడు. మర్నాడు ఆ ఇంటివాళ్ళు మొహాలు వేలాడేసుకుని నా దగ్గరికి వస్తారు. ఆ దిక్కుమాలిన పిల్లి ఎవరిదో గాని అని వాళ్ళతో కలిసి నేనూ నాలుగు తిట్టి, గుడ్డ నమూనాలు చూపిస్తాను. వ్యాపారమన్నాక అన్నీ విప్పి చెప్పుకోలేం కదా.

ఇక అసలు పిల్లలు. అమ్మాయికి ఆరేళ్ళు, అబ్బాయికి రెండు. అమ్మాయిని ప్లీడరు అంటాం. వద్దంటే ఎందుకంటుంది, ఎందుకో చెబితే అందులో లొసుగు పట్టుకుంటుంది. దానికి జవాబు చెప్పేసరికి తలప్రాణం తోకకొస్తుంది. అబ్బాయి బుడ్డోడు. వాడు వాదించడు. చేతికందింది విరుస్తాడు, విరగనిది నోట్లో పెట్టుకుంటాడు, రెండూ కుదరకపోతే ఏడుస్తాడు. వాడు ఏడ్చినప్పుడు మా ఇంట్లో చట్టం ఒక్కటే: నువ్వు పెద్దదానివి కదా, ఇచ్చెయ్. నేనంటాను, మా ఆవిడ అంటుంది, చూడ్డానికొచ్చిన చుట్టాలు కూడా చెప్పులు విప్పేలోపు అనేస్తారు. అలా ప్లీడరు ఎర్ర గ్లాసు పోయింది, తొండం ఊడిన రబ్బరు ఏనుగు పోయింది, కిటికీ పక్క కుర్చీ పోయింది. అమ్మ ఒడి సంగతి సరేసరి, అది వాడు పుట్టిన రోజే పోయింది.

ఇందులో నాకు ఏ తప్పూ కనబడలేదు. మా అమ్మానాన్నలకి నేను ఆఖరివాణ్ణి. సర్దుకోవడమంటే ఏమిటో నాకు పెళ్ళయ్యేదాకా తెలియదు.

ఒకరోజు భోజనాల దగ్గర ప్లీడరు నెమ్మదిగా అడిగింది, పెద్దవాళ్ళంటే ఎవరని. ముందు వచ్చినవాళ్ళు అన్నాను. ఈ ఇంటికి ముందు ఎవరొచ్చారంది. నేనూ మీ అమ్మా అన్నాను. మీ తరవాతో అంది. నోట్లో ముద్ద ఉంది, బుర్ర ఒక మొండి స్ప్రింగు మీద ఉంది, దొరగారు అనేశాను. అది తల ఊపి తినడంలో పడింది. ప్లీడర్లు ఎదురు చెప్పకుండా తల ఊపితే భయపడాలని నాకప్పటికి తట్టలేదు.

మర్నాడు బుడ్డోడు దాని రంగుపెన్సిల్ విరిచి, రెండోది కూడా కావాలని గోల మొదలెట్టాడు. మా ఆవిడ మిషన్ మీంచి తలెత్తకుండానే, పెద్దదానివి కదమ్మా అంది. పిల్ల చటుక్కున లేచి కిందికి వెళ్ళి, చంకల కింద చేతులు వేసి దొరగార్ని ఎత్తుకొచ్చింది. వాడు సాగదీసిన పిండిముద్దలా దాని మోకాళ్ళదాకా వేలాడుతున్నాడు. తెచ్చి తమ్ముడి ఎదురుగా కూర్చోబెట్టింది.

"పెద్దోడివి కదా అన్నయ్యా, నువ్వే సర్దుకో" అంది.

బుడ్డోడు పెన్సిల్ మాట మరిచిపోయి తోక పట్టుకుని లాగాడు. దొరగారు గోరు తియ్యలేదు, కిక్కురుమనలేదు. తోక విడిపించుకుని, ఒళ్ళు దులుపుకుని, వెళ్ళి కిటికీలో కూర్చున్నాడు. అన్నయ్య ఎంత బుద్ధిగా సర్దుకున్నాడో చూశారా అని మా మాట మాకే అప్పజెప్పింది ప్లీడరు. మేం పడీపడీ నవ్వాం. నవ్వితే ఒప్పుకున్నట్టేనని దాని లెక్క.

అప్పణ్ణించి ఇంట్లో పెద్దరికమంతా దొరగారి నెత్తిన పడింది. దగ్గు మందు తాగమంటే, ముందు అన్నయ్య తాగి చూపించాలి. బొమ్మలు ఎత్తి పెట్టమంటే, పెద్దోడు ఊరికే కూర్చున్నాడు, వాణ్ణి అడగరేం. బుడ్డోడు పాలు ఒలకబోస్తే, అన్నయ్య చూసుకోవద్దూ. ఒకనాడు పని ఒత్తిడిలో ఉండి, నిజంగానే దొరగారి వైపు తిరిగి, ఇంట్లో పెద్దవాడివై ఉండి ఏం లాభం అని కేకలేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. మా ఆవిడ మిషన్ ఆపేసి నవ్వింది. దొరగారు మాత్రం కళ్ళు మూసుకుని నా తిట్లన్నీ పడ్డాడు.

అప్పుడే హెడ్మిస్ట్రెస్ గారి వాలుకుర్చీ వచ్చింది. ఆవిడ మా పక్కవీధిలో ఉంటారు. కుర్చీ కుడిచెయ్యి పీలికలు పీలికలుగా ఉంది. ఎవరి చేతి పనో చూడగానే పోల్చుకున్నాను గాని, అయ్యయ్యో అన్నాను. కొత్త గుడ్డ బిగించడం పూర్తయిన రోజున నేను వీధి చివరికి మేకులు కొనడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆవిడ తన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎదురుగా ముక్కాలిపీట మీద ప్లీడరు కాళ్ళూపుతూ చాలాసేపటి నుంచి ముచ్చట్లు చెబుతున్నట్టుంది. ఆవిడ దాన్ని అమ్మ దగ్గరికి పొమ్మని పంపించి, ఆ ముక్కాలిపీట నాకు చూపించారు. నా దుకాణంలో నన్ను కూర్చోమన్నారు. కూర్చున్నాను.

"నీ పెద్దకొడుకు బడికి పోడటగా?" అన్నారు.

నాకు సంగతి అర్థమై చెప్పబోయాను. ఆవిడ చెయ్యెత్తారు. ఎన్ని క్లాసుల నోళ్ళు మూయించిందో ఆ చెయ్యి, నా నోరూ మూతపడింది. పగలంతా సోఫాల మీద పడి నిద్రపోతాడట. చీకటిపడితే గోడలు దూకి పోతాడట. ఎవరితోనో కొట్లాడి చెవి చింపుకొచ్చాడట, ఆస్పత్రికి కూడా తీసుకెళ్ళలేదట. వాడికి కంచం నేలమీద పెడతారట. ఇంతవరకు ఒక చొక్కా అయినా కుట్టించలేదట, పైగా ఇంట్లో మిషన్ ఉందట. ఒక్కొక్క మాటకీ ఆవిడ గొంతు పెరుగుతోంది. ఎదురు దుకాణంవాడు పని మానేసి వింటున్నాడు.

"ఇదంతా ఒక ఎత్తు. ఇరుగుపొరుగు ఇళ్ళల్లో దూరి వాళ్ళ సోఫాలు చింపి వస్తాడట. నీకు తెలుసట. మాకు పనొస్తుందని నాన్న ఏమీ అనడు అని నీ కూతురే చెప్పింది. కన్నకొడుకుని ఇలా వాడుకుంటావటయ్యా?"

సరిగ్గా ఆ మాటకి దొరగారు ఆవిడ కుర్చీ కింద నుంచి ఒళ్ళు విరుచుకుంటూ బయటికొచ్చాడు, చిరిగిన చెవితో సహా. ఇక వేరే దారి లేదు. వీడేనండి అన్నాను. ఆవిడ వాడి చెవి చూశారు, గోళ్ళు చూశారు, కుర్చీ కుడిచెయ్యి చూశారు, ఆ తరవాత నన్ను చూశారు. చూపు నా మీద చాలాసేపు ఉంచారు. కుర్చీకి రెండో చెయ్యి కూడా ఇదే గుడ్డతో వేసి, రెండూ ఊరికే ఇమ్మన్నారు. అలాగేనండి అన్నాను. ఎదురు దుకాణంవాడికి కూడా ఒక సోఫా ఉంది. దాన్ని కిందటి నెలే బాగుచేశాను. వాడు నా వంక చూసే చూపు ఇప్పటికీ మామూలుగా లేదు.

ఆ వారంలోనే మంచం గొడవ వచ్చింది. పెద్దమంచం మీద నలుగురం పట్టడం లేదు. బుడ్డోడు అడ్డంగా పడుకుంటాడు. నేను పట్టె మీద సగం, గాల్లో సగం ఉంటాను. ప్లీడర్ని పక్కగదిలోకి మార్చాలని నేనూ మా ఆవిడా అనుకున్నాం. ఆ గదిలో ఉన్న గుడ్డ చుట్టలు కిందికి మోసి, నా చేతులతో నేనే చిన్న మంచం తయారుచేశాను. ధనవంతుల సోఫాలకి వేసే ఫోము వేశాను, దబ్బనంతో అంచులు కుట్టాను. మా ఆవిడ పసుపుపచ్చ పూలగుడ్డతో తొడుగు కుట్టింది. నా బతుకులో అంత మంచి పరుపు ఎవరికీ చెయ్యలేదు. పెద్దదానివయ్యావు కదా, ఇక నీకో గది, నీకో మంచం అని ఊరించాం.

అది మంచం చుట్టూ తిరిగింది, పరుపు నొక్కి చూసింది.

"చాలా బాగుంది నాన్నా. అన్నయ్యకిచ్చెయ్" అంది.

పెద్దవాళ్ళు ముందు వెళ్ళాలట, ఆ తరవాతే తన వంతట. అమ్మ పక్కన చోటు వదలడం దానికి ప్రాణం మీదికొచ్చినట్టుందని మా ఆవిడ అప్పుడే కనిపెట్టి, పోనీలెండి అని నాతో రెండుసార్లు అంది. నేను వింటేనా. తెలివంతా ఉపయోగించి, అన్నయ్య వెళ్తే నువ్వూ వెళ్తావా అని అడిగాను. వెళ్తానంది. దొరగారు ఎవరి మాటా వినే రకం కాదని దాని ధీమా. కాని నేను ఫోము సంగతి తెలిసినవాణ్ణి. గది తలుపు తీసి ఊరుకున్నాను. దొరగారు వచ్చాడు, వాసన చూశాడు, మంచమెక్కి పరుపు కాళ్ళతో మర్దించాడు, ముడుచుకుని గుర్రుపెట్టాడు. ప్లీడరు మీద నేను గెలిచిన మొదటి కేసు అది. మీసం కూడా దువ్వుకున్నాను.

అది పెద్దమంచం మీంచి తన దిండు తీసి, రెండు చేతులతో పొట్టకి అదుముకుని, పక్కగదిలోకి నడిచి వెళ్ళింది. ఏడిచినా బాగుండేది, పేచీ పెట్టినా బాగుండేది. గెలిచారుగా, సంతోషమేనా అంది మా ఆవిడ. పెద్దమంచం మీద ఆ రోజు చోటు బాగానే ఉంది గాని నాకు హాయిగా లేదు.

మర్నాడు సాయంత్రం ఆ గదిలోంచి దబ్బున చప్పుడైంది. నేను కింద నుంచి, మా ఆవిడ మిషన్ దగ్గర నుంచి పరిగెత్తాం. బుడ్డోడు కొత్త మంచానికి గురిపెట్టి, దొరగార్ని తోక పట్టి కిందికి లాగేసి, తను పైకెక్కి గంతులేస్తున్నాడు. మేం వచ్చింది ప్లీడరు చూడలేదు. గోడవారన నేల మీద కూర్చుని దొరగార్ని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. చిరిగిన చెవి నిమురుతూ వాడితో గుసగుసగా ఏదో చెబుతోంది. నేను లోపలికి వెళ్ళబోతే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు అన్నీ ఇచ్చేస్తున్నావు కదా అన్నయ్యా. నిన్ను మాత్రం ఎవరూ ఎత్తుకోవట్లేదు" అంటోంది. "ఇవాళ నువ్వు పెద్దోడివి కాదులే. నేనెవరికీ చెప్పను."

ఇలాంటివి వింటే నాకు నవ్వొస్తుంది. ఈసారి రాలేదు. నాకు చాలా సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ జాలేసింది. మా ఆవిడ లోపలికి వెళ్ళి నేలమీద చతికిలబడి, పిల్లని పిల్లితో సహా ఒళ్ళోకి లాక్కుంది. పిల్ల పొడుగైపోయింది. రెండేళ్ళ కిందట ఆ ఒళ్ళో ఎలా పట్టేదో గాని, ఇప్పుడు కాళ్ళు రెండూ బయటికి జారి నేలమీద ఉన్నాయి.

"నువ్వు కూడా పెద్దదానివి కాదులేవే" అంది మా ఆవిడ.

ప్లీడరు తలెత్తి చూసింది. "ఎంతసేపు?" అంది.

మా ఆవిడ పిల్ల తలమీద గడ్డం ఆనించి, "నువ్వు దిగేదాకా" అంది.

అమ్మ ఒడి ఖాళీగా లేదని బుడ్డోడు అప్పుడు గమనించాడు. మంచం దిగి వచ్చి అక్క గౌను పట్టుకుని లాగుతూ, ఇల్లు అదిరిపోయేలా ఏడుపు అందుకున్నాడు. ప్లీడరు వాణ్ణి చూడలేదు. ఇచ్చెయ్ అన్న ఆ మాట ఎప్పుడు వస్తుందా అని అమ్మ మొహంలోకి చూసింది. అక్కణ్ణించి రాకపోయేసరికి నా మొహంలోకి చూసింది. నిజం చెప్పొద్దూ, అలవాటు కొద్దీ నా నోరు సగం తెరుచుకుంది. మా ఆవిడ చూసిన చూపుకి టక్కున మూసేశాను. బుడ్డోణ్ణి చంకనేసుకున్నాను. వాడు అమ్మ కావాలని నా డొక్కల్లో తన్నుతూ, నిన్న దువ్వుకున్న మీసం కుదుళ్ళతో పీకడం మొదలెట్టాడు. ఇదే సందని దొరగారు మెల్లిగా జారుకుని మళ్ళీ పరుపెక్కేశాడు.

గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ ఏమీ అనబోవడం లేదని నమ్మకం కుదిరినట్టుంది, మా అమ్మాయి బయటికి జారిన కాళ్ళు రెండూ అమ్మ ఒళ్ళోకి ముడుచుకుంది.