పెద్దావిడ వెయ్యని దెబ్బ

చింపాంజీల ఇంటి తలుపు ఊరికే తెరుచుకోదు. అడుగున మోకాలితో ఒకటిచ్చి, అప్పుడు గడియ లాగాలి. ఆ జూలో పనిచేసేవాళ్ళందరికీ అలవాటైన పద్ధతి అది. లోపల ఉండే ముసలి ఆడ చింపాంజీని అందరూ పెద్దావిడ అంటారు. ఎవరైనా నోరు జారి "అది" అన్నారా, కీపరు బాబాయ్ కళ్ళెర్రజేస్తాడు.

అక్కడ పరిశోధన చేసే అమ్మాయికి ఆయన పెట్టిన పేరు డబ్బా మేడం. చేతిలో ఎప్పుడూ ఓ ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది మరి. లోపలున్నదంతా బయటికి కనిపించే డబ్బా. పై అర ఖాళీ, కింది అరలో ఒక ద్రాక్షపండు. డబ్బా మేడం పుల్లతో పై మూత మీద రెండు దెబ్బలు వేసి, తర్వాత కింది తలుపు తీసి పండు అందుకుని చూపిస్తుంది. చూసినవాళ్ళు తామూ పండు తీసుకోవాలి. అంతే పరీక్ష.

పై మూతకీ పండుకీ ఏ సంబంధమూ లేదు. పెద్దావిడకి ఆ సంగతి మొదటిసారే అర్థమైపోయింది. పుల్లని కాసేపు నమిలి అవతల పారేసి, తిన్నగా కింది తలుపు తీసి పండు నోట్లో వేసుకుంది. మనుషులేమో ఒక్కరూ తప్పకుండా, గుడ్డిగా రెండు దెబ్బలూ వేసి మరీ తలుపు తీస్తున్నారు.

ఈ పరిశోధన నడిపించే ప్రొఫెసరుగారికి తల ప్రాణం తోకకొచ్చింది. మనిషికి తోక రాలిపోయి ఎన్నో లక్షల ఏళ్ళయింది కనుక, ఆ ప్రాణం ఎక్కడికి పోవాలో తెలియక గదంతా తచ్చాడింది.

"మనిషి గొప్పతనం చూపిస్తామని చెప్పి అనుమతి తెచ్చుకున్నామమ్మా! రేపు ఆ అనుమతిచ్చిన కమిటీ ఛైర్మన్ గారొస్తున్నారు. కోతి గెలిచిందని చెప్పమంటావా?"

"కోతి కాదు సార్, చింపాంజీ."

"ఏదైతేనేం! రేపు ఆయన ఒప్పుకోకపోతే ప్రాజెక్టు మూతే. నీ పరిశోధనా అంతే."

వాళ్ళింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి డబ్బా మేడం. ఇది మూతపడితే ఎక్కడికెళ్ళాలో ఆమెకి బాగా తెలుసు. మామయ్యకి కుట్టుకొట్టు ఉంది. "చదువు చదువే, మిషను మిషనే. మూలనున్న మిషను నీకోసమే ఉంచాను" అని ఆయన ఎప్పుడూ నవ్వుతూనే అంటాడు. కానీ ఆ మిషను మీద నిజంగానే ఇంకెవరినీ కూర్చోనివ్వడు.

ఆ సాయంత్రం అమ్మా మామయ్యా ఆమె పని చూడ్డానికి జూకొచ్చారు.

"ఇన్నేళ్ళు చదివింది ఈవిడకి డబ్బా తియ్యడం నేర్పడానికా?" అంది అమ్మ.

"నేర్పేదేముందమ్మా, ఆవిడే నాకు నేర్పేలా ఉంది" అంటూ డబ్బా మేడం పుల్ల తీసుకుని రెండు దెబ్బలు వేసింది. సరిగ్గా అప్పుడే దోమ కుట్టింది. మెడమీద ఫట్టుమని కొట్టుకుని, తలుపు తీసి పండు చూపించింది.

అమ్మ పుల్ల అందుకుంది. రెండు దెబ్బలు. మెడమీద ఫట్. తలుపు. పండు.

మామయ్య కూడా అంతే. పైగా ఆయన ఇంకాస్త గట్టిగా కొట్టుకున్నాడు.

"మామయ్యా, నీ మెడకేమొచ్చింది?"

"నువ్వు కొట్టుకున్నావు కదే!"

"నన్ను దోమ కుట్టింది!"

"నాకేం తెలుసు? ఇంత చదివినదానివి, ఊరికే కొట్టుకుంటావా అనుకున్నా."

కీపరు బాబాయ్ కడుపు పట్టుకుని నవ్వాడు. డబ్బా మేడం మాత్రం మామయ్య తలకేసి చూస్తూ ఉండిపోయింది. ఆయనది నున్నటి బట్టతల. గుడ్డలో సూది గుచ్చేముందు ప్రతిసారీ దాన్ని ఆ తలకి రాసుకుంటాడు.

"సూదినెందుకు తలకి రాస్తావు మామయ్యా?"

"మా గురువు రాసేవాడు."

"ఆయనకి జుట్టుండేదా?"

"ఒత్తుగా! నూనె కారుతుండేది. సూది గుడ్డలోకి జర్రున..." మామయ్య ఆగిపోయాడు. నెత్తి తడుముకున్నాడు. "ఓరి నా తెలివి తెల్లారినట్టే ఉంది!"

మర్నాడు ఛైర్మన్ గారు కోటు వేసుకుని, బొజ్జ ముందు నడుస్తుండగా వచ్చారు. డబ్బా మేడం ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. మూత మీద రెండు దెబ్బలు వేసి, తన చెవి తను మెలిపెట్టుకుని, ఉన్నచోటే ఒక చుట్టు తిరిగి, తలుపు తీసి పండు అందుకుంది.

"ఇప్పుడు మీరు, సార్."

ఛైర్మన్ గారు గంభీరంగా రెండు దెబ్బలు వేశారు. చెవి మెలిపెట్టుకున్నారు. కోటు సర్దుకుని గిర్రున తిరిగారు. ప్రొఫెసరుగారు కూడా తిరిగి, "కుడివైపు నుంచేనా అమ్మా?" అని గుసగుసగా అడిగారు.

తర్వాత పెద్దావిడ వంతు. ఆవిడ ముగ్గురినీ ఎగాదిగా చూసి, ఒక్క చేత్తో తలుపు తీసి పండు నోట్లో వేసుకుంది.

ఛైర్మన్ గారి మొహం కందగడ్డయింది. "అంటే నేను ఆవిడకంటే తెలివితక్కువ వాణ్ణనా?"

మూలనున్న మిషను డబ్బా మేడం కళ్ళముందు గిర్రున తిరిగింది. అయినా కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

"ఈ డబ్బా దగ్గర అంతే సార్. పెద్దావిడ కళ్ళతో చూసిందే నమ్ముతారు. మనం ఎదుటిమనిషిని నమ్ముతాం. గురువు సూదిని తలకి రాస్తుంటే, మా మామయ్య ఎందుకని అడక్కుండా నేర్చుకున్నాడు. నూనె సంగతి తెలియకపోయినా జుట్టున్నన్నాళ్ళూ సూది జారింది. అన్నీ తేల్చుకున్నాకే చేస్తానని కూర్చుంటే, ఎవడికి వాడు సూది దగ్గర్నుంచీ మళ్ళీ కనిపెట్టుకోవాలి. మన గొప్పతనమూ అదే సార్, మన వెర్రీ అదే."

"మరి ఇప్పుడు మీ మామయ్య?"

"బట్టతల సార్. ఇంకా రాస్తూనే ఉన్నాడు."

ఛైర్మన్ గారి బొజ్జ ముందు కదిలింది, ఆ తర్వాత నవ్వు బయటికొచ్చింది. "ఇంకో ఏడాది చేసుకో అమ్మా. నేను తిరిగిన సంగతి మాత్రం నివేదికలో వద్దు."

ఆయన వెళ్ళబోతూ తలుపు అడుగున మోకాలితో ఒకటిచ్చి గడియ లాగారు. వచ్చేటప్పుడు బాబాయ్ ఇవ్వడం చూశారు మరి.

"ఆ తలుపు కిందటి నెలే బాగుచేశారు కదా బాబాయ్?" అంది డబ్బా మేడం.

"చేశారమ్మా. ఇప్పుడు వేలితో తోసినా వస్తుంది."

"మరి రోజూ ఎందుకు తంతున్నావు?"

"మీరు తంతున్నారు కదా అని!"

మామయ్యకి కబురు చెప్పాలని ఆమె డబ్బా చంకలో పెట్టుకుని పరుగున బయల్దేరింది. తలుపు బార్లా తెరిచే ఉంది. ఆగి, దానికి మోకాలితో ఒకటిచ్చి మరీ వెళ్ళింది.

పెద్దావిడ చూస్తూనే ఉంది.