శంకర్ ఫోను

సరిహద్దులో పోరు మొదలైన మూడోనాడు ఫిరంగి గుండు పడి లక్ష్మణమ్మ కొడుకు ఉమాశంకర్ చనిపోయాడు. ఇరవై మూడేళ్లవాడు. నౌపడ ఉప్పుమడుల్లో తల్లి వెనకాలే తిరిగి పెరిగినవాడు. జెండా కప్పిన పెట్టె వచ్చిన రోజు ఊరంతా కదిలొచ్చింది. నెల తిరక్కుండా ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు.

తర్వాత వాడి సామాను పట్టుకుని తోటి జవాను, సాలూరు నరేష్ వచ్చాడు. అందులో ఫోను ఉంది.

"ముందురోజు సాయంత్రం నీకోసం వీడియో తీసినాడమ్మా. సిగ్నల్ నేక పంపనేకపోనాడు. మాయమ్మకి సేనా సెప్పినానురా అని నవ్వినాడు," అన్నాడు.

ఫోను తెరవాలంటే ఆరంకెలు కొట్టాలి. అవేమిటో ఎవరికీ తెలియదు. కూతురు గౌరి అన్న పుట్టిన తేదీ కొట్టింది, నాన్న పోయిన తేదీ కొట్టింది, బండి నంబరు కొట్టింది. ఏదీ కుదరలేదు. లక్ష్మణమ్మ మాత్రం రోజూ దానికి చార్జింగు పెట్టి తలగడ పక్కనే ఉంచుకునేది.

ఏడాది నిండే ముందురోజు ఇద్దరూ రైలెక్కి, ఆమదాలవలసలో ఫోన్లు బాగుచేసే మురళీమోహన్ దగ్గరికి వెళ్లారు.

"ఇంకొక్కసారి తప్పు కొడితే లోపలున్నదంతా సెరిగిపోతాదమ్మా. అలాగే దాసుకో," అన్నాడతను.

"దాసుకొని ఏటి సేత్తాను బాబూ? నా గుంటడి మాట ఇందులో ఉండిపోనాది."

లక్ష్మణమ్మ ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియదు. ఆధార్ కార్డులో ఏదో ఏడాది వేసి జూన్ ఒకటని రాసేశారు. శంకర్ ఏటా ఆ రోజు ఫోను చేసి, "అమ్మా, ఇయాల నువ్వు పుట్టినావంట," అని ఆటపట్టించేవాడు. అది గుర్తొచ్చి ఆమె కళ్లు మెరిశాయి.

"అదేనే గౌరీ! అదే కొట్టు!"

"వొద్దే అమ్మా, బయమేత్తంది."

లక్ష్మణమ్మే ఫోను లాక్కుని, కూతురు ఆధార్ కార్డు చూసి చదువుతుంటే ఒక్కో అంకె నొక్కింది.

ఫోను నల్లబడింది. కాసేపటికి వెలిగి, కొత్త ఫోనులా రకరకాల భాషల్లో స్వాగతం పలికింది. మురళీమోహన్ ముఖం తిప్పుకున్నాడు. లక్ష్మణమ్మ ఆత్రంగా ఫోను చెవికి ఆనించుకుంది.

"ఇనబడదేటే?"

గౌరి బావురుమంది. అప్పటికి తల్లికి అర్థమైంది.

రైల్లో ఆమె అన్నది ఒక్కటే మాట, "నానే కొట్టినాను గదే. నా సేత్తోనే."

మర్నాడు బడిలో శంకర్ ఫొటోకి దండవేసి, ఆమెను వేదిక మీద కూర్చోబెట్టి పెద్దలు గంటసేపు మాట్లాడారు. ఆమె కళ్లు మూసుకుని, కొడుకు "అమ్మా" అని పిలిచే తీరు గుర్తుతెచ్చుకోవాలని చూసింది. ఎవరెవరివో గొంతులు వచ్చాయి. వాడిది రాలేదు.