యాభై ఏడు కిలోల విభాగం

ఆదివారం పొద్దున నాగజ్యోతి పెరట్లో చేతిపట్టీలు ఉతుకుతోంది. గ్లౌజులు తొడుక్కునే ముందు బాక్సర్లు చేతులకు చుట్టుకునే పొడుగాటి గుడ్డలవి. ఇరవై జతలు. అన్నీ ఆమె భర్త సోమశేఖర్ కడపలో నడుపుతున్న అకాడమీ పిల్లలవి. ఆమె ఆరుసార్లు రాష్ట్ర చాంపియన్. అయినా ఆ మగపిల్లల చెమట కంపు వదలగొట్టే పని పదహారేళ్లుగా ఆమెదే.

కిటికీకి అవతల హాల్లో సోమశేఖర్, బాక్సింగ్ సంఘం పెద్ద ఓబులేష్ కాఫీ తాగుతూ ఆమె తర్వాతి పోటీ ఎవరితోనో తేలుస్తున్నారు.

"యాభై ఒకటి కేజీల్లో విజయనగరం పిల్ల ఉండాది. పందొమ్మిదేండ్లు. కాళ్లు ఒక తావున నిలవవు దానికి. మనామెకు ముప్పై ఎనిమిది, అందుకోలేదప్పా," అన్నాడు ఓబులేష్.

"యాభై నాలుగులో?"

"ఆ పిల్లకి చెయ్యి శానా పొడుగు. వద్దు. నలభై ఎనిమిదిలో అయితే గట్టోళ్లు ఎవురూ లేరు. అనంతపురం నుంచి ఒక కొత్త పిల్ల, అంతే. ఇప్పుడు ఎంతుండాది మనామె?"

"యాభై ఆరు. నెల టైమియ్యి, ఎనిమిది కేజీలు దింపుతా."

సబ్బునీళ్లలో నాగజ్యోతి చేతులు ఆగిపోయాయి. దింపుతాడట! సంతలో మేకను బేరమాడినట్టు ఎంతుందని అడిగేవాడు ఒకడు, దింపుతానని మాటిచ్చేవాడు ఇంకొకడు. కడప ఎండలో ప్లాస్టిక్ సూటు మీద స్వెట్టర్ వేసుకుని పరిగెత్తింది ఎవరు? గొంతు తడుపుకోకుండా ఉమ్మి సైతం డబ్బాలో ఊసి, అదే పూట ఇంటిల్లిపాదికీ సంగటి కెలికి, వేలికంటిన మెతుకు నాక్కోకుండా కడిగేసుకుంది ఎవరు? కూతురు ప్రణీత పుట్టిన ఎనిమిదో నెలలో ఇలాగే ‘దింపాడు’. నీళ్లు మానేసరికి పాలు ఇంకిపోయాయి. పిల్ల ఆకలికి గుక్కపట్టి ఏడుస్తుంటే అత్త సుబ్బరత్నమ్మ "పాలు గూడా ఇయ్యలేవు, నువ్వేం తల్లివి మే?" అంది. కొడుకును మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ పోటీలో ఆమె గెలిచింది. ఉత్తమ కోచ్ అని శాలువా తెచ్చి సోమశేఖర్‌కు కప్పారు. "శానా కష్టపడి గెలిచినాం," అన్నాడు పేపరోళ్లతో. గెలిస్తే ఎప్పుడూ ‘గెలిచినాం’. రెండేళ్ల కిందట ఆమె బరువు తూచే కాటా మీదే కళ్లు తిరిగి పడిపోయి, మర్నాడు ఓడినప్పుడు మాత్రం తిరుగు బస్సులో "ఓడినావు గదా," అన్నాడు. ఆ ‘మనం’ ఏ స్టాపులో దిగిపోయిందో తెలియక ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్లలో కడుపునిండా తిని రింగులో దిగిన రోజు ఒక్కటన్నా ఉందా?

"ఏమ్మే జ్యోతీ! ఇంకో రెండు కాఫీ పట్రా. రేపట్నుంచి నీకు సంగటి బంద్," హాల్లోంచి కేకేశాడు సోమశేఖర్.

నురగ చేతులతోనే లోపలికి వెళ్లింది. భర్త వైపు చూడకుండా ఓబులేష్‌ను అడిగింది.

"యాభై ఏడులో ఎవురుండారన్నా?"

ఓబులేష్ జవాబు కోసం సోమశేఖర్ మొహం చూశాడు. సోమశేఖర్ నవ్వి తనే చెప్పాడు.

"నందికొట్కూరు భీమమ్మ. కూలోళ్ల పిల్ల, ఇరవై మూడేండ్లు. పోయినసారి ఒకామె దవడ విరగ్గొట్టింది. దాంతో దిగేకి ఎవురూ రావడంల్యా."

"నేను దిగుతా."

"మతి పోయిందా? ఓడిపోతావు!"

"ఓడేది ఎప్పుడూ నేనే గదా. ఈసారి కడుపునిండా తిని ఓడతా."

"నలుగుర్లో తిరిగే మొగోడు వాడు," అంది వంటింటి గుమ్మంలోంచి సుబ్బరత్నమ్మ. "పెండ్లాం మూతి పగలగొట్టించుకుంటే వానికి ఎంత నామోషీ!"

"కోచ్‌గా నేను నీ కార్నర్‌లో నిలబడను, చెప్తాండా," అన్నాడు సోమశేఖర్.

"వద్దు. పెరట్లో పట్టీలు నానుతాండాయి. ఎవురివి వాళ్లనే ఉతుక్కోమను."

ఆ నెలంతా ఇంట్లో ఆమెతో కూతురు తప్ప ఎవరూ సరిగా మాట్లాడలేదు. ఆమె మూడు పూటలా తింది. పోటీ ఫారం తనే నింపింది. ఎమ్మిగనూరులో మగ్గం గుంతలో కాళ్లాడించే నేతపిల్లగా ఉన్నప్పుడు తనకు మొదటిసారి గ్లౌజులు తొడిగిన డ్రిల్లు మాస్టారు లక్ష్మన్నకు ఫోన్ చేస్తే, రిటైరైన ఆ పెద్దాయన కార్నర్‌లో ఉండటానికి ఒప్పుకున్నాడు.

కర్నూలులో పోటీ. మొదటి రౌండులో భీమమ్మ దెబ్బకు నాగజ్యోతి పెదవి చిట్లింది. చెవుల్లో హోరు. కానీ కాళ్లు వణకలేదు. బరువు దించుకున్న ప్రతిసారీ రెండో రౌండుకే వణికే ఆ కాళ్లు ఈసారి నేలను పట్టుకుని నిలబడ్డాయి. రెండో రౌండులో భీమమ్మ ముందుకు తోసుకొచ్చినప్పుడు నాగజ్యోతి వెనక్కి జరగలేదు. పదహారేళ్ల ఆకలి, ఎండిన చనుబాలు, శాలువా కప్పుకున్న ఆ భుజాలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి కుడిచేయి విసిరింది. భీమమ్మ మోకాళ్లు వంగాయి. రిఫరీ పోటీ ఆపి, ఆమె తేరుకునేందుకు ఎనిమిది అంకెలు లెక్కపెట్టాడు. హాలంతా లేచి నిలబడింది. మూడో రౌండులో వయసు అడ్డొచ్చింది, ఊపిరి అందలేదు. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు భీమమ్మ వైపు, ఇద్దరు నాగజ్యోతి వైపు. ఓడిపోయింది.

బట్టలు మార్చుకునే గదిలో భీమమ్మ చెంపకు ఐసు అద్దుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, మీ పాత వీడియోలన్నీ చూసే వచ్చినా. ఇంత బలం యాడా కనపడలే. ఇన్నేండ్లు యాడ దాచిపెట్టినారు?"

నాగజ్యోతికి నవ్వొచ్చింది. నవ్వితే పెదవి మళ్లీ చిట్లి నోట్లోకి ఉప్పగా రక్తం దిగింది. తుడుచుకోలేదు.

"దాచిపెట్టింది నేను గాదు, పాపా," అంది.